రాజుకు మరణశిక్ష విధించిన సైనికుడు: ఎడ్మండ్ లడ్లో (సు. 1617–1692)

ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధాలకు దారితీసిన కారణాలను మీరు ఇంతకుముందు పాఠంలో చదివారు. రాజుకూ పార్లమెంటుకూ పన్నుల గురించి, మతం గురించి, సైన్యంపై అధికారం గురించి వచ్చిన తగాదాలు అక్కడ వివరంగా ఉన్నాయి. ఆ కారణాలన్నీ ఒక మనిషి జీవితంలో ఎలా పనిచేశాయో ఈ పాఠంలో చూద్దాం. క్రామ్‌వెల్‌ను ఎంచుకోకపోవడానికి కారణం ఉంది. ఆయన గురించి ప్రతి పాఠ్యగ్రంథమూ చెబుతుంది. రాజుపై పోరాడి, రాజుకు శిక్ష విధించి, ఆ తరువాత క్రామ్‌వెల్‌నూ ఎదిరించిన వాడు ఎడ్మండ్ లడ్లో. మొదటి చార్లెస్ మరణశిక్ష ఉత్తర్వుపై ఉన్న 59 సంతకాల్లో ఆయనది 30వది.

కాలం మీ మనసులో నిలవడానికి ఒక్క మాట. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో ఇంగ్లీషు కంపెనీకి బంగారు ఫర్మానా ఇచ్చాడని మీరు దక్కన్ చరిత్రలో చదివి ఉంటారు. అప్పుడు ఇంగ్లండ్ సింహాసనం మీద ఉన్నది ఈ చార్లెస్సే.

కుటుంబం, యుద్ధం

లడ్లో విల్ట్‌షైర్‌లోని మెయిడెన్ బ్రాడ్లీలో, భూములున్న కుటుంబంలో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ట్రినిటీ కళాశాలలో చదివి, తరువాత లండన్‌లోని ఇన్నర్ టెంపుల్‌లో న్యాయశాస్త్రంలో చేరాడు. తండ్రి సర్ హెన్రీ లడ్లో దీర్ఘ పార్లమెంటు సభ్యుడు. చార్లెస్ ఇంగ్లండ్‌కు రాజుగా ఉండతగడని 1642లోనే సభలో అని, స్పీకర్ చేత మందలింపు పొందినవాడు. అప్పటికి చాలామంది పార్లమెంటు పక్షం వారు రాజును తప్పుపట్టేవారు కాదు, రాజుకు చెడ్డ సలహాలిచ్చే మంత్రులను తప్పుపట్టేవారు. లడ్లో పెరిగిన ఇంటిలో ఆ మర్యాద లేదు.

యుద్ధం మొదలవగానే ఎడ్మండ్ పార్లమెంటు సేనాని ఎసెక్స్ ప్రభువు అంగరక్షక దళంలో చేరి, 1642 అక్టోబరు 23న ఎడ్జ్‌హిల్ యుద్ధంలో పాల్గొన్నాడు. ఆయనకు పేరు తెచ్చింది మాత్రం వార్డర్ కోట. అది ఆరండెల్ అనే కాథలిక్ ప్రభువంశానికి చెందినది. 1643 మే నెలలో పార్లమెంటు సేనలు దానిని ముట్టడించినప్పుడు ఇంటి యజమాని లేడు. ఆయన భార్య బ్లాంచ్ కొద్దిమంది మనుషులతో కొన్ని రోజులు నిలబడి చివరికి లొంగిపోయింది. కోటను కాపాడే బాధ్యత లడ్లోకు అప్పగించారు. కొన్ని నెలలకు కొత్త ఆరండెల్ ప్రభువు, అంటే ఆ బ్లాంచ్ కొడుకు, సేనతో వచ్చి తన కోటను తానే ముట్టడించాడు. గోడల కింద సొరంగం తవ్వించి మందుగుండుతో పేల్చాడు. కోట సగం కూలింది. 1644 మార్చిలో లడ్లో లొంగిపోయాడు. అంతర్యుద్ధం అనే మాటకు అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ కోటనే ఉదాహరణగా చెబుతాను. వార్డర్ శిథిలాలు నేటికీ అలాగే ఉన్నాయి.

ఖైదీల మార్పిడిలో విడుదలై మళ్లీ యుద్ధంలో దిగిన లడ్లో, 1646లో విల్ట్‌షైర్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1643లో మరణించిన తండ్రి స్థానమది.

రాజు నేరస్థుడా?

1648లో రెండవ అంతర్యుద్ధం వచ్చింది. ఓడిపోయి పార్లమెంటు చేతిలో బందీగా ఉన్న చార్లెస్, స్కాట్‌లతో రహస్య ఒప్పందం చేసుకుని దేశాన్ని మళ్లీ యుద్ధంలోకి దించాడు. అయినా పార్లమెంటులో అధిక సంఖ్యాకులు ఆయనతో సంధి చర్చలు సాగిస్తూనే ఉన్నారు. లడ్లోకు ఇది భరించరానిదయింది. సైన్యం కోల్చెస్టర్‌ను ముట్టడించి ఉండగా అక్కడికి వెళ్లి, సంధిని ఆపమని సేనాని ఫేర్‌ఫాక్స్‌ను కోరాడు. ఫేర్‌ఫాక్స్ ఖచ్చితమైన మాట ఇవ్వలేదు. హెన్రీ ఐర్టన్ మాత్రం అంగీకరించి, సమయం రావాలన్నాడు. ఆ సమయం డిసెంబరు 6న వచ్చింది. కల్నల్ థామస్ ప్రైడ్ పేర్ల జాబితాతో పార్లమెంటు ద్వారం దగ్గర నిలబడి సంధిని కోరే సభ్యులను అడ్డుకున్నాడు. సుమారు 45 మందిని నిర్బంధించారు. ఆ పథకంలో లడ్లోకు భాగం ఉంది.

ఇక్కడ మీరు ఒక క్షణం ఆగి ఆలోచించండి. మన భాషలో ‘రాజద్రోహం’ అంటే రాజుకు చేసే ద్రోహం. ఇంగ్లండ్‌లోనూ 1352 నాటి చట్టం ప్రకారం అంతే. అలాంటప్పుడు రాజే ఆ నేరం ఎలా చేయగలడు? దీనికి జవాబు చెప్పాలంటే అధికారానికి మూలం రాజు కాదని ముందుగా చెప్పాలి. 1649 జనవరి 4న కామన్స్ సభ ఆ మాటే తీర్మానించింది. దైవం తరువాత న్యాయమైన అధికారమంతటికీ మూలం ప్రజలేనని ప్రకటించింది. ప్రభువుల సభ అంగీకరించకపోయినా 135 మందితో ఉన్నత న్యాయస్థానం ఏర్పడింది. వారిలో చాలామంది విచారణకు రాలేదు. ఫేర్‌ఫాక్స్ కూడా తప్పుకున్నాడు. జనవరి 20న వెస్ట్‌మినిస్టర్ హాలులో జాన్ బ్రాడ్‌షా అధ్యక్షతన విచారణ మొదలయింది. ఏ అధికారంతో నన్ను ఇక్కడికి రప్పించారని చార్లెస్ అడిగాడు. జవాబు వచ్చేదాకా తన వాదన వినిపించనన్నాడు. 27న శిక్ష విధించారు. 30న వైట్‌హాల్ ఎదుట అమలు చేశారు.

లడ్లోకు ఇది చట్టానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. నేలపై చిందిన నెత్తురుకు దానిని చిందించినవాడి నెత్తురే ప్రాయశ్చిత్తమని బైబిలు సంఖ్యాకాండం చెప్పినదానిని ఆయన అక్షరాలా నమ్మాడు. ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోండి. చివర దీనితో పని ఉంది.

అంగీకారం ఎవరిది?

1651లో లడ్లో అశ్వదళాధిపతిగా ఐర్లాండ్ వెళ్లాడు. ఆ నవంబరులో ఐర్టన్ మరణించడంతో మరుసటి సంవత్సరం ఫ్లీట్‌వుడ్ వచ్చేవరకు సేనకు ఆయనే నాయకుడు. 1652 నాటి చట్టంతో కాథలిక్ భూస్వాముల భూములను లాక్కుని, సైనికులకు జీతం బాకీల కింద, యుద్ధానికి అప్పిచ్చినవారికి పంచిపెట్టారు. పాత యజమానులను కొనాట్ ప్రాంతానికి తరలిపొమ్మన్నారు. ప్రజల అంగీకారం లేని ప్రభుత్వం ప్రభుత్వమే కాదని జీవితమంతా వాదించిన లడ్లో, ఐర్లాండ్ ప్రజల అంగీకారం గురించి అడగనేలేదు. ఆయనను వీరుడిగా చిత్రించే పుస్తకాలు ఈ అధ్యాయాన్ని గబగబా దాటేస్తాయి.

1653లో క్రామ్‌వెల్ సైనికులతో పార్లమెంటును వెళ్లగొట్టి, డిసెంబరులో లార్డ్ ప్రొటెక్టర్ అయ్యాడు. లడ్లో దానిని గుర్తించలేదు. తిరిగి వచ్చిన తరువాత ఆయనను కొంతకాలం వేల్స్‌లోని బోమారిస్‌లో నిర్బంధించారు. క్రామ్‌వెల్ ముఖాముఖి అడిగినా విధేయత హామీ ఇవ్వలేదు. మనం దేనికోసం పోరాడామో అదే కావాలని, అంటే జాతి తన అంగీకారంతోనే పాలించబడాలని, తాను చెప్పినట్టు ఆయన రాసుకున్నాడు. 1648లో సైన్యం సభ్యులను అడ్డుకుంటే సరి, 1653లో వెళ్లగొడితే తప్పు ఎలా అవుతుంది? మీరు రెండు వైపులా వాదించి చూడండి. నాకు మటుకు లడ్లో నిజాయితీ మీద సందేహం లేదు, ఆయన తర్కం మీద ఉంది.

ప్రవాసం

1660లో రెండవ చార్లెస్ సింహాసనం ఎక్కాడు. తండ్రి విచారణలో పాల్గొన్నవారికి క్షమాభిక్ష వర్తించలేదు. లడ్లో రహస్యంగా ఫ్రాన్స్ చేరి, జెనీవా మీదుగా లోసాన్‌కు, ఆపైన సరస్సు ఒడ్డునున్న వెవే పట్టణానికి వెళ్లాడు. బెర్న్ ప్రభుత్వం రక్షణ ఇచ్చింది. ఆయన తల్లి పుట్టింటి పేరు పెట్టుకుని జీవించాడు. అక్టోబరులో థామస్ హారిసన్‌ను లండన్‌లో చంపారు. మరుసటి జనవరి 30న క్రామ్‌వెల్, ఐర్టన్, బ్రాడ్‌షాల శవాలను సమాధుల నుంచి తవ్వితీసి ఉరికంబానికి వేలాడదీశారు. 1664 ఆగస్టులో, చార్లెస్ విచారణలో పనిచేసిన జాన్ లైల్‌ను లోసాన్‌లో చర్చికి వెళుతుండగా కాల్చి చంపారు. లడ్లో మాత్రం భార్య ఎలిజబెత్‌తో అక్కడే ముసలివాడయ్యాడు. 1688 విప్లవం తరువాత, ఇక భయం లేదనుకుని 1689లో ఇంగ్లండ్ వచ్చాడు. రాజును తొలగించిన ఆ పార్లమెంటే ఆయనను పట్టుకోమని కొత్త రాజును కోరింది. తిరిగి వెవే చేరి 1692లో మరణించాడు.

ఆయన రాసినదేనా?

1698–99లో లడ్లో ‘జ్ఞాపకాలు’ అచ్చయ్యాయి. ముఖపత్రం మీద వెవే అని ఉన్నా, అచ్చయింది లండన్‌లోనే. రెండు శతాబ్దాలకు పైగా చరిత్రకారులు అంతర్యుద్ధాన్ని గురించి రాసినప్పుడల్లా ఈ పుస్తకాన్ని ప్రాథమిక ఆధారంగా వాడుకున్నారు. అందులో కనిపించే లడ్లో నెమ్మదైన, హేతుబద్ధమైన గణతంత్రవాది, శాశ్వత సైన్యానికి వ్యతిరేకి.

1970లో వార్విక్ కోటలో ఆయన రాతప్రతిలో కొంత భాగం బయటపడింది. దానిలో కొంత భాగాన్ని బ్లెయిర్ వర్డెన్ 1978లో ప్రచురించాడు. రాతప్రతి నిండా ప్రవచనాలు, ప్రార్థనలు, దేవుని తీర్పు కోసం ఎదురుచూపు. అచ్చుప్రతిలో ఇవి దాదాపు లేవు. సంపాదకుడు, బహుశా జాన్ టోలండ్, వాటిని కత్తిరించి, భాషను మార్చి, 1690ల విగ్ పక్షంవారికి పనికివచ్చే లడ్లోను తయారుచేశాడు. శాశ్వత సైన్యం గురించి ఆ సంవత్సరాల్లో పార్లమెంటులో పెద్ద వివాదం నడుస్తున్నదని గుర్తుంచుకుంటే కారణం మీకే తెలుస్తుంది.

దొరికిన రాతప్రతి 1660 నుంచి మొదలవుతుంది. ఎడ్జ్‌హిల్, వార్డర్, వెస్ట్‌మినిస్టర్ హాలు గురించిన భాగాలు దొరకలేదు. కాబట్టి రాజు విచారణ గురించి లడ్లో ఇలా అన్నాడని మీరు జవాబు పత్రంలో రాసేటప్పుడు, ‘1698లో అచ్చయిన ప్రతి ప్రకారం’ అన్న నాలుగు మాటలు కూడా చేర్చండి.