ఇంట్లో, మదరసాలో, ప్రైవేటు స్కూల్లో చదివే పిల్లలకు పరీక్ష తప్పనిసరా?

ప్రభుత్వ బడి పిల్లలకు సర్కారే పరీక్ష పెడుతుంది, ఫలితం కూడా అదే చూసుకుంటుంది. మరి ప్రైవేటు స్కూల్లో చదివేవాళ్ల సంగతేంటి? ఇంట్లోనే చదువుకునేవాళ్లు, హిఫ్జ్ కోసం మదరసాలో చేరినవాళ్ల మాటేంటి? వీళ్లకు చదువు ఎంతవరకు వచ్చిందో బయటివాళ్లు ఎవరైనా కొలవాలా, వద్దా? అమెరికాలో దీనిమీద రాష్ట్రానికో రూలు ఉంది. మన దేశంలో ఇంత సూటిగా చట్టం లేదు గానీ, పదో తరగతి అనే గేటు దగ్గర మాత్రం దాదాపు అందరూ ఆగాల్సిందే. మన ఇళ్లలో ఈ మూడు రకాల పిల్లలూ ఉన్నారు. ఎవరికి ఏ పరీక్ష ఉంది, ఏది మన ఇష్టం, సర్టిఫికెట్ లేకపోతే ఎక్కడ దెబ్బ తగులుతుంది అన్నవి ఇక్కడ చూద్దాం.

చట్టం ఏమంటోంది

మూలం 2009 విద్యాహక్కు చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఏ పిల్లాడూ బోర్డు పరీక్ష పాస్ కానక్కర్లేదని ఇందులోని 30వ సెక్షన్ చెబుతోంది. మన అమ్మీ, అబ్బా తరానికి ఏడో తరగతి కామన్ పరీక్షలు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు అలాంటి బోర్డు పరీక్షకు చోటు లేదు. 2019లో చట్టాన్ని సవరించి ఐదు, ఎనిమిది తరగతుల చివర రెగ్యులర్ పరీక్ష పెట్టాలన్నారు. తప్పినవాళ్లకు రెండు నెలల్లోపు మరో ఛాన్సు ఇవ్వాలి. అప్పటికీ తప్పితే అదే క్లాసులో ఉంచాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. బడి నుంచి మాత్రం ఎవర్నీ తీసేయకూడదు.

అంటే ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి ముందు పిల్లాడి చదువును బయటివాళ్లు కొలిచే పరీక్ష దాదాపు లేనట్టే. ప్రశ్నపత్రం ఎక్కడి నుంచి వచ్చినా పేపర్లు దిద్దేదీ, మార్కులు వేసేదీ ఆ స్కూలే, ప్రోగ్రెస్ కార్డు ఇచ్చేదీ అదే. ఫీజు తీసుకునేవాళ్లే ఫలితం కూడా రాసి ఇస్తున్నారన్నమాట.

జాతీయ స్థాయిలో కొలిచే పని జరగడం లేదని కాదు. కేంద్రం 2021 నవంబర్ 12న పెట్టిన నేషనల్ అచీవ్‌మెంట్ సర్వేలో 3, 5, 8, 10 తరగతుల పిల్లలు సుమారు 34 లక్షల మంది పాల్గొన్నారు. అందులో ప్రైవేటు స్కూళ్లు కూడా ఉన్నాయి. దాని తర్వాతిది 2024 డిసెంబర్ 4న ‘పరఖ్’ పేరుతో జరిగింది. కానీ ఇవి శాంపిల్ సర్వేలు. జిల్లా ఎలా ఉందో చెబుతాయి తప్ప మీ పిల్లాడి మార్కు మీ చేతికి రాదు. పైగా బడి రిజిస్టర్లో పేరు లేని పిల్లలు వీటిలో కనిపించరు.

‘ప్రథమ్’ సంస్థ 2005 నుంచి చేస్తున్న ‘అసర్’ సర్వే ఇంకో పద్ధతిలో నడుస్తుంది. వాళ్లు బడికి కాకుండా పల్లెల్లో ఇంటికే వస్తారు. పిల్లాడు ఎక్కడ చదివినా, అసలు చదవకపోయినా, ఒక పేరా చదివిస్తారు, ఒక భాగహారం చేయిస్తారు. 2022 అసర్ ప్రకారం దేశంలోని పల్లె ప్రాంతాల ప్రైవేటు స్కూళ్లలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సుమారు 57 శాతమే. ‘ప్రైవేటులో వేశాం, ఇక చూసుకోనక్కర్లేదు’ అనే ధీమా మనవాళ్లలో చాలామందికి ఉంది. ఆ ధీమా ఉన్నవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి.

ఇంటి చదువు, మదరసా చదువు

పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని విద్యాహక్కు చట్టం 10వ సెక్షన్ అంటుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు శిక్ష మాత్రం పెట్టలేదు. ఇంటి చదువుకు రిజిస్ట్రేషన్ లేదు, ఏడాదికోసారి పరీక్ష లేదు, వచ్చి చూసే అధికారి లేడు. అడ్డు చెప్పేవాళ్లు లేరు, అండగా నిలిచేవాళ్లూ లేరు.

మదరసాలు, వేద పాఠశాలలు, ప్రధానంగా మతబోధన చేసే సంస్థలకు ఈ చట్టం వర్తించదని 2012 సవరణలోనే రాశారు. అలాగని ప్రభుత్వానికి అక్కడ ఏ పాత్రా లేదనుకోవద్దు. ఉత్తరప్రదేశ్ మదరసా చట్టం కేసులో 2024 మార్చిలో అలహాబాద్ హైకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. అదే ఏడాది నవంబర్ 5న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి చట్టాన్ని నిలబెట్టింది, కామిల్, ఫాజిల్ డిగ్రీలిచ్చే భాగాన్ని మాత్రం తీసేసింది. మదరసా నడుపుకునే హక్కు మైనారిటీలదే, అక్కడ చదువు ప్రమాణాలు చూసే అధికారం రాష్ట్రానికి ఉంది అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ కేసు యూపీ చట్టానిదే అయినా సూత్రం మాత్రం మనకూ తెలిసి ఉండాలి.

పదో తరగతి లేకపోతే

ఐటీఐలో చాలా ట్రేడ్‌లు, పాలిసెట్, ఇంటర్, చిన్న సర్కారు ఉద్యోగాలు అన్నీ పదో తరగతి మెమో అడుగుతాయి. ఇది అందరికీ తెలిసిందే. మన కుటుంబాల్లో అంతగా పట్టించుకోనిది పాస్‌పోర్టు సంగతి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ‘ఈసీఆర్’ కేటగిరీలో వస్తుంది. పదో తరగతి పాసైతే ఆ ముద్ర పడదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, 50 ఏళ్లు దాటినవాళ్లకు, ఇంకొందరికి మినహాయింపులు ఉన్నాయి గానీ, ఇరవై ఏళ్ల కుర్రాడికి వాటిలో ఏదీ సాధారణంగా వర్తించదు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ అన్నీ ఆ లిస్టులోనే ఉన్నాయి. ఖురాన్ మొత్తం గుండెలో నిలుపుకున్న హాఫిజ్ అయినా, ఇంట్లోనే ఇంగ్లిష్ గడగడా నేర్చుకున్న పిల్లాడైనా, ఆ కౌంటర్ దగ్గర వాళ్లు చూసేది ఒక్క కాగితమే.

దారి ఉంది: ఓపెన్ స్కూలు

1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలై, 2002లో పేరు మారిన ఎన్‌ఐఓఎస్ కేంద్ర ప్రభుత్వ బోర్డు. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేరవచ్చు. ఇంతకుముందు ఏ బడికీ వెళ్లకపోయినా, ఈ స్థాయి చదువు చదవగలనని సొంతంగా రాసిచ్చి, వయసు రుజువు పెట్టి చేరే వీలుంది. ఐదు సబ్జెక్టులు పాస్ కావాలి, ఒక్కో సబ్జెక్టులో 33 శాతం వస్తే చాలు. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. అడ్మిషన్ ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది ఛాన్సులు ఉంటాయి, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. పొద్దున దౌర్, సాయంత్రం సబక్ ఉన్న హిఫ్జ్ పిల్లాడికి ఈ వెసులుబాటు చిన్నదేం కాదు. ఉర్దూ మీడియం ఉంది, తెలుగు మీడియం కూడా ఉంది.

చిన్న పిల్లలకు ఇదే బోర్డులో ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది. ఏ, బీ, సీ అని మూడు లెవెల్స్. అవి 3, 5, 8 తరగతులకు సమానం. దీన్ని గుర్తింపు పొందిన సంస్థల ద్వారా నడుపుతారు, మదరసాలు కూడా ఆ గుర్తింపు తీసుకోవచ్చు. మా ఉద్దేశంలో మనవాళ్లు అన్నిటికంటే తక్కువగా వాడుకుంటున్న సదుపాయం ఇదే. పదిలో ఫెయిలయ్యాక కళ్లు తెరిచే బదులు మూడో తరగతి స్థాయిలోనే లోపం తెలిసిపోతుంది.

రాష్ట్రాల్లో తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉన్నాయి. అక్కడా పదికి 14 ఏళ్లు, ఇంటర్‌కి 15 ఏళ్లు నిండాలి. స్థోమత ఉన్నవాళ్లు కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈని ప్రైవేట్ క్యాండిడేట్‌గా రాయిస్తున్నారు. ఫీజులు మాత్రం చాలా ఎక్కువ.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి

అక్కడ 3 నుంచి 8 తరగతుల దాకా ఏటా, హైస్కూల్లో ఒకసారి, రీడింగ్, మ్యాథ్స్ పరీక్షలు పెట్టాలన్నది ఫెడరల్ రూలు. అది పబ్లిక్ స్కూళ్లకే. ప్రైవేటు స్కూళ్లకీ, హోమ్‌స్కూల్‌కీ రాష్ట్రం ఏం చెబితే అదే. హైదరాబాదీలు ఎక్కువగా ఉండే ఇల్లినాయ్‌లో గానీ, టెక్సాస్‌లో గానీ, న్యూజెర్సీలో గానీ హోమ్‌స్కూల్ పిల్లలకు తప్పనిసరి పరీక్ష లేదు. పెన్సిల్వేనియాలో 3, 5, 8 తరగతుల్లో రాయాలి, అదీ తల్లిదండ్రుల చేత కాకుండా బయటివాళ్ల చేత పెట్టించాలి. జార్జియాలో మూడో తరగతి నుంచి మూడేళ్లకోసారి. నార్త్ కరోలినాలో హోమ్‌స్కూల్‌కి ఏటా, ప్రైవేటు స్కూళ్లకి 3, 6, 9, 11 తరగతుల్లో. న్యూయార్క్ ఇంకా గట్టిగా ఉంటుంది. ఏటా అసెస్‌మెంట్ ఇవ్వాలి, టెస్టు రాస్తే 33వ పర్సంటైల్ దాటాలి, లేదంటే పోయినేడాదితో పోలిస్తే ఒక ఏడాది ప్రగతి చూపించాలి. ఇల్లు మారేముందు కొత్త రాష్ట్రం రూలు చూసుకోండి. టెక్సాస్ అలవాటుతో న్యూయార్క్ వెళ్తే ఇబ్బందే.

పెట్టాలా, వద్దా

వద్దనేవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. పరీక్ష పెట్టినవాడే సిలబస్ నిర్ణయిస్తాడు, రేపు ఆ పేరుతో మదరసాలో ఏం చెప్పాలో కూడా చెబుతాడు అన్న భయం ఈ రోజుల్లో ఊరికే పుట్టింది కాదు. ఒక రోజు మూడు గంటల పేపరు పిల్లాడి తెలివిని మొత్తం కొలవలేదన్నదీ నిజమే. కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల గోల చూసిన తెలుగువాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

కామర్స్ చదివినవాణ్ని కాబట్టి నాకు ఇది ఆడిట్ లాగే అనిపిస్తుంది. ఆడిటర్ వచ్చి లెక్క చూస్తాడు, దుకాణం ఎలా నడపాలో చెప్పడు. చదవడం, రాయడం, లెక్కలు, ఈ మూడింటికే పరిమితమై, మూడేళ్లకోసారి జరిగి, ఫలితం తల్లిదండ్రులకే ఇచ్చే పరీక్ష అయితే దాన్ని కాదనడానికి నాకు కారణం కనిపించదు. దాని ఆధారంగా మదరసా మూసేయడం, పిల్లాణ్ని వెనక్కి నెట్టడం ఉంటే అప్పుడు అది ఆడిట్ కాదు, జప్తు. అలాంటి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. మీ మేనల్లుడికో, చెల్లెలి కూతురికో నాలుగో తరగతి తెలుగు పుస్తకం ఇచ్చి ఒక పేజీ చదివించి చూడండి, పది నిమిషాల పని.

అడ్మిషన్ ముందు చూసుకోవాల్సినవి

స్కూలు గుర్తింపు ఏ తరగతి దాకా ఉందో అడగండి. కొన్ని చిన్న స్కూళ్లకు ఏడో తరగతి దాకానే ఉంటుంది, పదో తరగతి పిల్లల్ని వేరే స్కూలు పేరుమీద పరీక్ష రాయిస్తారు. 11 అంకెల యూడైస్ కోడ్ అడిగితే తప్పేం లేదు. పదో తరగతిలో నామినల్ రోల్ పంపేముందు మీ పిల్లాడి పేరు ఏ స్కూలు కింద ఉందో చూసుకోండి.

ఇక పేరు స్పెల్లింగ్. బర్త్ సర్టిఫికెట్‌లో మొహమ్మద్, ఆధార్‌లో ఎండీ, మదరసా రిజిస్టర్‌లో ముహమ్మద్ అని ఉంటే, ఓపెన్ స్కూలు ఫారం నింపే ముందే మూడూ ఒకేలా సరిచేయించండి. అమ్మాయిల పేర్లలో బేగం, బీ, సుల్తానా ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోవడం కూడా ఇలాంటిదే. పుట్టిన తేదీ, తండ్రి పేరు కూడా చూడండి. మెమో ప్రింటయ్యాక దిద్దించాలంటే నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి.