లక్క గాజు నుంచి క్లోరోఫాం దాకా

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో తయారయ్యే లక్క గాజులో రసాయన శాస్త్రపు రెండు పెద్ద కుటుంబాలూ కలిసే ఉంటాయి. లక్క అంటే చెట్ల కొమ్మలను పట్టుకుని బతికే చిన్న పురుగు స్రవించే జిగురు. అది కర్బన సమ్మేళనాల మిశ్రమం. దానిమీద పొదిగే అద్దపు రాళ్లకు మూలం ఇసుకలోని సిలికా, అంటే అకర్బన పదార్థం. నిప్పుల సెగకే లక్క మెత్తబడుతుంది, సెగ మించితే మాడిపోతుంది. ఆ సెగకు రాయి చెక్కుచెదరదు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ గాజుల పనితనం ఈ తేడా మీదే నిలబడింది.

మనుషులు మొదట ఈ తేడాను పుట్టుకను బట్టి చూశారు. వెయ్యేళ్ల కిందట పర్షియా వైద్యుడు అల్ రాజీ పదార్థాలను ఖనిజాలు, వృక్షసంబంధమైనవి, జంతుసంబంధమైనవి అని వేరుచేశాడు. పాతబస్తీలో నేటికీ నడుస్తున్న యూనానీ వైద్యానిదీ అదే వరస: లోహాలను, ఖనిజాలను కాల్చి చేసే కుష్తాలు ఒక తరగతి, మూలికలు మరొకటి. ఫ్రాన్స్‌లో 1675లో నికొలా లెమెరీ రాసిన రసాయన గ్రంథం కూడా ఈ మూడు తరగతులనే పాటించింది.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ వంటివారు మరో మెట్టు ఎక్కారు. ప్రాణి దేహంలోని పదార్థాల తయారీకి ‘జీవశక్తి’ కావాలని, అది ప్రయోగశాలకు అందదని నమ్మారు. 1828లో ఆయన శిష్యుడు ఫ్రెడరిక్ వోలర్ అమోనియం సయనేట్ తయారు చేయబోతే యూరియా చేతికొచ్చింది. మూత్రంలో దొరికే పదార్థం మూత్రపిండం అక్కర్లేకుండానే పుట్టింది. నమ్మకం ఆ ఒక్క దెబ్బకే కూలలేదు. 1845లో కోల్బే అసిటిక్ ఆమ్లాన్ని, ఆ తర్వాత బెర్తెలో మరెన్నో పదార్థాలను తయారు చేశాక గానీ సడలలేదు.

అలా ప్రయోగశాలలో పుట్టిన కర్బన సమ్మేళనమే హైదరాబాద్‌ను ప్రపంచ వైద్యపత్రికల్లోకి ఎక్కించింది. ఏ మొక్కనుంచీ పిండకుండా, బ్లీచింగ్ పౌడర్‌ను ఆల్కహాల్‌తో కలిపి క్లోరోఫాం తీసేవారు. 1847 నుంచి శస్త్రచికిత్సల్లో వాడుతూ వచ్చిన ఈ మత్తుమందు ముందు గుండెను ఆపుతుందా, ఊపిరినా అన్నది అప్పట్లో పెద్ద వివాదం. పాతబస్తీకి మూసీ అవతల, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరేనని వాదించాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు జంతువులపై పరీక్షలు చేశాయి. రెండోదానికి ‘లాన్సెట్’ పత్రిక లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను పంపింది, నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. తీర్పు లారీకి అనుకూలంగా వచ్చినా, క్లోరోఫాం గుండెనే నేరుగా ఆపగలదని 1911లో వైద్యుడు గుడ్‌మన్ లెవీ చూపించాడు.

పుట్టుక పనికిరాకపోతే కర్బన, అకర్బన పదార్థాల మధ్య గీత ఎక్కడ గీయాలి? 1858లో రసాయన శాస్త్రవేత్త కెకూలే ఇచ్చిన జవాబు నిర్మాణం. కర్బన పరమాణువు నాలుగు బంధాలు ఏర్పరచుకుంటుంది, తనతో తానే గొలుసులు కడుతుంది. కర్బన సమ్మేళనాల్లో ఎక్కువగా పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. అవి సాధారణంగా తక్కువ వేడికే కరుగుతాయి, మండుతాయి, చాలావరకు నీటిలో కన్నా నూనెల్లో, ఆల్కహాల్‌లో కలుస్తాయి. ఉప్పు వంటి అకర్బన లవణాలు అయాన్ల ఆకర్షణతో బిగుసుకుని ఉంటాయి. ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నీటిలో కలిస్తే విద్యుత్తును ప్రవహింపజేస్తుంది.

ఈ గీతకూ మినహాయింపులున్నాయి. 1591 నాటి చార్మినార్‌ను నిలబెట్టిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. అందులో కర్బనం ఉన్నా దాన్ని అకర్బనంగానే లెక్కిస్తారు. కార్బొనేట్లు, సయనైడ్లు, కర్బన ఆక్సైడ్లదీ ఇదే దారి. కర్బనం, హైడ్రోజన్‌ల మధ్య బంధమే మంచి గుర్తు, అదైనా అన్నిచోట్లా చెల్లదు.

పాతబస్తీ అత్తరు దుకాణాల్లో మాత్రం పుట్టుక ప్రశ్న ఇంకా బతికే ఉంది. గులాబీలోని ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌ను కర్మాగారంలోనూ చేస్తారు, రెండింటి అణువూ ఒక్కటే. అయితే పువ్వు నూనెలో దానితోపాటు వందలాది ఇతర అణువులుంటాయి. ఖరీదు ఆ కలయికది. ‘సహజం’ అన్న మాట సరుకు ఎక్కడిదో చెబుతుంది, అణువు ఏమిటో చెప్పదు. వోలర్ తర్వాత రసాయన శాస్త్రం ఈ రెండు ప్రశ్నలనూ విడదీసింది. ధర కట్టేవాళ్లకు మొదటిది కావాలి, గుణం తెలుసుకునేవాళ్లకు రెండోది.