మ్యూనిక్ పెట్టె, ఎర్ఫుర్ట్ పెట్టె

జర్మనీలో ఆదివారం పాతసామాన్ల సంతల్లో, చదరంగం తప్ప ఇంకే పనీ తెలియని కంప్యూటర్లు కనిపిస్తాయి. ఒకే దుప్పటి మీద పక్కపక్కన పెట్టిన రెండింటిలో ఒకటి మ్యూనిక్‌ది, ఇంకొకటి ఎర్ఫుర్ట్‌ది కావచ్చు. అవి తయారైన కాలంలో ఆ రెండూ వేరువేరు దేశాల ఊళ్ళు; నడుమ కంచె, కాపలా బురుజులు.

ఈ యంత్రాలకు దారి వేసింది అమెరికా. 1977లో ఫిడెలిటీ సంస్థ చెస్ ఛాలెంజర్‌ను అమ్మకానికి పెట్టింది. మ్యూనిక్‌లోని హెగెనర్ గ్లాజర్ సంస్థ 1980లో మెఫిస్టోను తెచ్చింది. గెటే 'ఫౌస్ట్' నాటకంలో పండితుడి ఆత్మకు బేరమాడే పిశాచం పేరది. గళ్ళబల్ల లేని ఆ తొలి పెట్టెను జనం 'బ్రికెట్' అన్నారు, అంటే చలికాలంలో పొయ్యిలో వేసే బొగ్గు ఇటుక. తర్వాత చెక్కబల్లలు వచ్చాయి. పావు అడుగున అయస్కాంతం, ప్రతి గడి కింద దాన్ని పసిగట్టే స్విచ్. పావు జరిపితే చాలు, యంత్రం తన ఎత్తును చిన్న దీపాలు వెలిగించి చూపుతుంది.

ఇంగ్లండ్ ప్రోగ్రామర్ రిచర్డ్ లాంగ్ చేరాక 1985లో ఆమ్‌స్టర్‌డామ్, 1986లో డల్లాస్, 1987లో రోమ్: మైక్రోకంప్యూటర్ల ప్రపంచ పోటీ ఎక్కడ గెలిస్తే యంత్రానికి ఆ ఊరి పేరే పెట్టారు. కళింగం గెలిచి పొట్నూరులో జయస్తంభం నాటిన కృష్ణదేవరాయలు గుర్తుకు రాక మానడు. ఆ రాయలనే చదరంగంలో గెలిచేవాడని బొడ్డుచెర్ల తిమ్మనకు పేరు. అందుకు కొప్పోలు గ్రామం ఇచ్చారని చెప్పుకుంటారు. పెనుకొండ కోట నీడన పెరిగినవారికి ఈ ముచ్చట కొత్త కాదు. రాయలు ఓడి ఊరిచ్చాడు; మ్యూనిక్ గెలిచి ఊరి పేరు పట్టుకొచ్చింది.

తూర్పున కథ వేరు. చిప్పుల సాంకేతికతను కమ్యూనిస్టు దేశాలకు పోనివ్వకుండా పడమటి దేశాలు ఆపేవి. తూర్పు జర్మనీ అమెరికా జెడ్80 చిప్పును లైసెన్సు లేకుండానే యు880 పేరుతో చేసుకుంది. 1981 నాటి ఎర్ఫుర్ట్ యంత్రం ఎస్‌సి2 దానిమీదే నడిచింది. ప్రోగ్రామ్‌కు మూలం ఫిడెలిటీదే. ఇది దొంగతనమే అనేవారున్నారు. కంపెనీ విడిభాగం దొరక్కపోతే ఉన్న ఇనుముతోనే బోరు మోటారును తిప్పించే అనంతపురం మెకానిక్కులను ఎరిగినవారికి ఆ మాట అంత తేలిగ్గా నోట రాదు. 1990లో దేశాలు ఒకటయ్యాయి. తూర్పు కర్మాగారాలు చాలావరకు మూతపడ్డాయి. 1994లో మ్యూనిక్ సంస్థ కూడా హాంకాంగ్‌లోని సైటెక్ చేతికి పోయింది.

ఈ పెట్టెలను ఎక్కువగా పాడుచేసేది లోపల మరిచిపోయిన బ్యాటరీ. ఆల్కలైన్ సెల్లు కారి స్ప్రింగుల మీద తెల్లగా గడ్డకడుతుంది. నిమ్మరసంలో ముంచిన దూదితో రుద్దితే వదులుతుంది. అడాప్టర్‌లో ప్లస్సు, మైనస్సు తారుమారైతే మాత్రం చిప్పు మాడుతుంది. ఇక ఎండ. ప్రోగ్రామ్ దాచిన ఈప్రామ్ చిప్పు నెత్తిన చిన్న గాజుకిటికీ, దానిమీద అతికించిన కాగితం ఉంటాయి. ఆ కాగితం ఊడి, నేరుగా ఎండ తగులుతూ ఉంటే కొన్నాళ్ళకు ప్రోగ్రామ్ చెరిగిపోతుంది. ఏడాదిలో సగం మబ్బు పట్టి ఉండే జర్మనీలో దీనికి పెద్ద భయం లేదు. వేరుశనక్కాయలు ఆరబోసే అనంతపురం కళ్ళాల మీది ఎండకు మాత్రం అది ఎన్నాళ్ళో ఆగదు. ఆ ఎండ కోసం ఇక్కడ జర్మనీలో ప్రాణం కొట్టుకుంటుంది. సేకరించేవారు ముందుగా ప్రోగ్రామ్‌కు నకలు తీసుకుని, గాజు మీద కొత్త కాగితం అంటించి, ఆ తర్వాతే మూత బిగిస్తారు.