ఎముకలూ నీళ్లూ నెల్లూరూ

1930ల తొలి సంవత్సరాల్లో నెల్లూరు జిల్లా మెట్ట రైతులకు ఒక బెంగ పట్టుకుంది. బలంగా ఉండాల్సిన ఎద్దులు కాడికి పనికిరాకుండా పోతున్నాయి. కీళ్లు బిగుసుకుపోయి, అడుగు తీసి అడుగు వేయలేక నిలబడిపోతున్నాయి. ఇక్కడి పశుజాతి సముద్రం దాటి బ్రెజిల్ చేరి, అక్కడ ‘నెలోర్’ అనే పేరుతో మందలు మందలుగా పెరుగుతోంది. పుట్టింట్లో మాత్రం అరక దున్నలేని పరిస్థితి. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్ల వల్ల వచ్చే ఎముకల జబ్బును, మొదట పసిగట్టింది డాక్టర్లు కాదు, ఈ రైతులే.

కొన్నేళ్లకు అవే లక్షణాలు మనుషుల్లోనూ బయటపడ్డాయి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో వెన్ను కర్రలా బిగుసుకుపోయి, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేవాళ్లు కనిపించారు. ఆ తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లావి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక అందులో కలిశాయి. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి హెన్రీ షార్ట్, వైద్యుడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి పరిశీలించి 1937లో ఒక వ్యాసం ప్రచురించారు. నెల్లూరు జిల్లా గురించి ప్రత్యేకంగా షార్ట్, సి.జి. పండిట్, రాఘవాచారి రాసిన మరో వ్యాసమూ అదే ఏడాది వెలువడింది. ఈ పండిట్ తర్వాతి రోజుల్లో భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ అయ్యారు.

ఎక్స్‌రేల్లో కనిపించింది ఎముకలు పలచబడటం కాదు. అవి మామూలు కంటే చిక్కగా, తెల్లగా ఉన్నాయి. వెన్నుపూసల్ని పట్టి ఉంచే బంధనాలు (లిగమెంట్లు) సైతం ఎముకగా మారిపోయాయి. డెన్మార్క్‌లో క్రయోలైట్ ఖనిజం దుమ్ములో పనిచేసిన కార్మికుల్లో ఇలాంటి ఎముకల్నే మోలర్, గుడ్యోన్సన్ 1932లో గుర్తించారు. అక్కడ ఫ్లోరైడ్ ఒంట్లోకి చేరింది దుమ్ము ద్వారా, ఇక్కడ నీళ్ల ద్వారా. గ్రానైట్ రాళ్ల మధ్య ఊరే నీటిలో క్షారగుణం ఎక్కువై కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ సులువుగా కరుగుతుంది. అందుకే ఈ జబ్బు బయటపడింది కోస్తా ఇసుక నేలల్లో కాదు, పడమటి మెట్టలో. ఈనాటికీ జిల్లాలో ఫ్లోరైడ్ మాట వస్తే ఉదయగిరి, వరికుంటపాడు వైపే చూస్తారు.

దీనికి మందు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. బావి మార్చడం ఒక్కటే చేయగలిగింది. వంగిపోయిన వెన్ను మళ్లీ నిలబడదు గానీ, నీళ్లు మారితే తర్వాతి తరం బయటపడుతుంది. ఎముకల వైద్యంలో మాత్రల సీసా దాకా వెళ్లకుండా నేరుగా నీటి దగ్గరికి పోయిన తొలి అధ్యాయాల్లో ఇదొకటి. దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

జబ్బు నెల్లూరుకే పరిమితం కాలేదు. నల్లగొండలో ఫ్లోరోసిస్ గురించి 1955లో సిద్దిఖీ అనే పరిశోధకుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసేందుకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల్లో రూపొందించిన పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరుకున్నాక పైనీళ్లు వాడుకోవడమే. ఇంట్లో బకెట్‌లోనూ చేసుకోవచ్చు, ఊరంతటికీ చేయవచ్చు. 1980లో కదిరిలో ఈ పద్ధతి మీదే ప్లాంట్ పెట్టారు. చెప్పడానికి సులువే. రోజూ కొలిచి కలపడం, అడుగున చేరిన మడ్డిని పారేయడం దగ్గరే ఇలాంటి పథకాలు చతికిలబడతాయి.

ఈలోగా పశ్చిమ దేశాల్లో కథ అడ్డం తిరిగింది. ఫ్లోరైడ్ ఎముకల్ని చిక్కబరుస్తుంది కాబట్టి గుల్లబారిన ఎముకలకు దాన్నే మందుగా ఇస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన 1961లో మొదలైంది. మూడు దశాబ్దాల ఆశ తర్వాత 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి రిగ్స్ బృందం ఫలితాలు వచ్చాయి. ముట్లుడిగి ఆస్టియోపొరోసిస్ ఉన్న 202 మంది స్త్రీలను నాలుగేళ్లు పరిశీలించారు. సోడియం ఫ్లోరైడ్ తీసుకున్నవాళ్లలో నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం ఇంకా పెరిగింది. స్కానింగ్ కాగితం మీద అంకె బాగున్నంత మాత్రాన ఎముక గట్టిదని కాదు. పొదిలి ఎక్స్‌రేలు 1937లోనే ఈ మాట చెప్పాయి, వినేవాళ్లు లేకపోయారు.

మరో మలుపు హైదరాబాద్‌లో వచ్చింది. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాసింది ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగి, ఎముకలు గుల్లబారిన యువకుల గురించి. 1967లో నాగార్జునసాగర్ నిండాక చుట్టుపక్కల భూగర్భ జలాలు పైకొచ్చాయి. దానితో నేల, నీళ్ల గుణం మారి, జొన్నలో మాలిబ్డినం పెరిగి, ఒంట్లో రాగి లోహం తగ్గిందని వాళ్ల వాదన. అదే ఫ్లోరైడ్ ఒకచోట ఎముకను చిక్కబరిచింది, మరోచోట గుల్ల చేసింది. ఈ తేడాలో పళ్లెంలోని తిండి పాత్ర ఎంతన్న ప్రశ్న అక్కడ పుట్టింది.

జవాబులో కొంత భాగం వంటింట్లోనే దొరికింది. 2002లో ఖండారే బృందం కొందరు కుర్రాళ్లకు రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి చూసింది. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 మి.గ్రా. నుంచి 4.8కి పెరిగింది. అంతమాత్రాన చింతపండు మందైపోదు. కానీ నెల్లూరు చేపల పులుసు మీద అభిమానమున్న వాళ్లకు ఈ ఫలితం నచ్చకుండా ఉండదు!

తిండిలో కాల్షియం లోటు ఫ్లోరైడ్ లేనిచోటా ఉంది. వీణా శత్రుఘ్న బృందం హైదరాబాద్‌లో 30 నుంచి 60 ఏళ్ల పేద స్త్రీలను పరీక్షిస్తే, తుంటి దగ్గర ఆస్టియోపొరోసిస్ దాదాపు 29 శాతం మందిలో బయటపడింది. 2005లో వచ్చిన అధ్యయనమిది. కాల్షియం చాలని తిండి, ఒళ్లు విరిచే చాకిరీ రెండూ వాళ్ల ఎముకల మీద పడ్డాయి. పాలిష్ బియ్యంలో వంద గ్రాములకు 8 మి.గ్రా. కాల్షియం కూడా ఉండదు, రాగుల్లో 364 ఉంటుంది. సంగటి ముద్ద పక్కకు జరిగి బియ్యపు కూడు పెద్దరికం సంపాదించినప్పుడు పోయిందేమిటో ఈ రెండంకెలే చెబుతాయి. తీరంలో నెత్తళ్లను ముల్లుతో సహా నమిలేసేవాళ్లకు ఈ లోటు కొంత పూడేది.

ఎండ సంగతీ అనుకున్నంత తేలిక కాదు. పొలం పనివాళ్లకు విటమిన్ డి లోటేమిటని అందరమూ అనుకుంటాం. తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్ బృందం పరీక్షల్లో ఎండలో పనిచేసే పల్లె జనంలోనూ చాలామందికి అది తక్కువగానే తేలింది. తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ ఎక్కువ. ఈ అక్షాంశంలో చర్మం విటమిన్ డి బాగా తయారుచేసేది పదకొండు నుంచి రెండు గంటల మధ్య అని కూడా వాళ్లు చూపించారు. లేత ఎండ మంచిదని చెప్పే పెద్దల మాటకు ఇది కొంచెం ఎదురే.

ఇక శ్రమ. 1987–90లో హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో గర్భిణులకు, పసిపిల్లలకు మొక్కజొన్న-సోయా ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు పెద్దయ్యాక ఎముకలు కొలిచి, ఫలితాలు 2014లో ప్రచురించారు. చిన్నప్పటి ఉప్మా కంటే ఇప్పటి కండ, ఒంటి బరువును మోస్తూ చేసే పనులే ఎముక సాంద్రతను ఎక్కువగా నిర్ణయిస్తున్నాయని తేలింది. నడక, మెట్లెక్కడం, బరువులెత్తడం ఆ కోవలోవి. నెత్తిన చేపల గంపతో ఊళ్లు తిరిగిన మత్స్యకార స్త్రీలు జిమ్ అన్న మాట వినకుండానే చేసిన పని అది. తిండి చాలకుండా అదే పని చేస్తే ఏమవుతుందో శత్రుఘ్న అధ్యయనం చూపించింది కాబట్టి, దాన్ని మరీ పొగడటం తగదు.

పెద్దవాళ్లకు రోజుకు 600 మి.గ్రా. కాల్షియం చాలన్న పాత లెక్కను 2020లో భారత వైద్య పరిశోధన మండలి 1000కి, ముట్లుడిగిన స్త్రీలకు 1200కి పెంచింది. అదే కాలంలో వీధివీధికీ ఆర్‌ఓ ప్లాంట్లు, ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చేశాయి. ఆర్‌ఓ ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది, మెట్ట ఊళ్లకు అది పెద్ద ఉపకారం. దాంతో పాటే కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. నీళ్లు ఇవ్వనిది రాగిజావ, పెరుగు, మునగాకు, నువ్వులు, నెత్తళ్లు ఇవ్వాలి. ఒకసారి ఎముక విరిగినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు మాత్రం తిండీ నడకా సరిపోవు, వాళ్లు స్కానింగ్ చేయించుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. క్యాన్ నీళ్లు దొరకని పల్లెల్లో బోరు నీటిని పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటిందో లేదో తెలుసుకోవడమే ఇప్పటికీ మొదటి పని.