బయాప్సీ అలియాస్ ముక్క పరీక్ష

లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి గొంతు బొంగురుపోయి వచ్చేవాళ్లు తప్పకుండా వినే మాట బయాప్సీ. ఇంటికి ఫోన్ చేసి చెప్పేటప్పుడు అది "ముక్క పరీక్ష" అయిపోతుంది.

1879లో ఈ మాటను వాడుకలోకి తెచ్చినవాడు ఫ్రెంచి చర్మవైద్యుడు ఎర్నెస్ట్ బెనియే. గ్రీకులో బయోస్ అంటే జీవం, ఆప్సిస్ అంటే చూడడం. బతికున్న మనిషి కణజాలాన్ని చూడడమన్నమాట.

స్వరపేటికలో ముక్క తీసేముందు ముక్కులోంచి సన్నని గొట్టం పంపి చూస్తారు. స్వరతంత్రుల మీద తెల్లమచ్చ ఉందా, పుండుందా, మాట్లాడుతుంటే రెండూ సమంగా కదులుతున్నాయా? ఈ చూపుకు 1854లో దారి వేసింది డాక్టరు కాదు, మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు. దంతవైద్యుల అద్దంతో, ఎండ వెలుగులో తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు!

అనుమానం ఉంటే మత్తిచ్చి మెతుకంత ముక్క తీస్తారు. పెథాలజిస్టు మైక్రోస్కోపు కింద చూశాకే క్యాన్సరో కాదో తేలేది. ఎంతవరకు పాకిందో సీటీ స్కాన్ చెబుతుంది.

"ముక్క తీస్తే ముదురుతుంది" అన్న భయంతో వెనక్కి వెళ్లిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ భయానికి ఆధారం లేదు. స్వరతంత్రుల మీది క్యాన్సర్ తొలిదశలోనే దొరికితే చాలామందికి గొంతు కూడా దక్కుతుంది. బొంగురు మూడు వారాలు దాటితే, అందులోనూ బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటుంటే, వెంటనే చూపించుకోవాలి.