గని, మగ్గము, సిద్ధాంతము: సాంకేతిక–సామాజిక పరిశోధనా చరిత్రమున ఒక ఘట్టము

యంత్రమును మానవుని దృష్టితో పరిశీలించు శాస్త్రములందు సిద్ధాంతమునకును క్షేత్ర పరిశీలనకును గల సంబంధ మెట్టిదను ప్రశ్న నేటికిని తెగలేదు. సిద్ధాంతము ముందు పుట్టి సాక్ష్యమును వెదకికొనునా, లేక సాక్ష్యమే సిద్ధాంతమును పుట్టించునా? దీనికి సమాధానమును ఊహచే కాక చరిత్రచే వెదకుట యుక్తమని మేము తలంచుచున్నాము. లండనులోని టావిస్టాక్ సంస్థవారు ఇంగ్లండు బొగ్గుగనులలోను, అహమ్మదాబాదు నేతశాలలోను జరిపిన పరిశోధనలు ఇందులకు తగిన ఆధారములు.

1951లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫర్త్ అనువారు లాంగ్‌వాల్ పద్ధతిని గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. అంతకు పూర్వము ఇద్దరు ముగ్గురు గనివారు జట్టుగా కూడి, త్రవ్వుట మొదలు ఎత్తుట వరకు పనియంతయు తామే నిర్వహించెడివారు. క్రొత్త పద్ధతిలో ఆ పని ముక్కలై మూడు షిఫ్టులకు పంచబడినది. ఒక షిఫ్టువారి లోపము మరియొక షిఫ్టువారి నెత్తిపై పడుచుండెను, పరస్పర విశ్వాసము సన్నగిల్లెను, గైరుహాజరు పెరిగెను. యంత్ర విన్యాసమును, మానవ సంబంధములను వేరువేరుగా చూడరాదను భావన ఇచ్చట మొలకెత్తినది. బామ్‌ఫర్త్ స్వయముగా గనిలో పనిచేసినవాడగుట ఈ పరిశీలనకు బలము చేకూర్చినది.

అయినను ఆ వ్యాసమును నిరూపణగా గ్రహింపరాదు. కష్టములకు కారణము యంత్రమా, పనిని పంచిన తీరా అను సంశయమును వర్ణన మాత్రముచే తీర్చుట సాధ్యము కాదు. యంత్రము ఒకటియై పని పంపకము వేరైన సందర్భము కావలెను. డర్హాం గనులలో అట్టిది లభించినది. 1963లో ట్రిస్ట్ ప్రభృతులు ప్రకటించిన గ్రంథమున, ఒకే విధమైన యంత్రములతో 41 మంది చొప్పున పనిచేసిన రెండు జట్లు పోల్చబడినవి. పనులను విడదీసి పంచుకొన్న జట్టు సాధ్యమైన ఉత్పత్తిలో 78 శాతమును, పనులను కలుపుకొని బాధ్యతను ఉమ్మడిగా వహించిన జట్టు 95 శాతమును సాధించినవి. యంత్రమొక్కటియే పని తీరును నిర్ణయింపదనియు, ఎన్నికకు తావున్నదనియు తేలినది.

అహమ్మదాబాదులో క్రమము తారుమారైనది. ఇచ్చట సిద్ధాంతము ముందు నడచినది. గౌతమ్ సారాభాయి నాయకత్వమున నున్న కాలికో మిల్లులో 224 స్వయంచాలక మగ్గములపై 29 మంది 12 విధములైన పనులు చేయుచుండిరి. ఎవరికి ఎవరితో పొత్తో స్పష్టము కాకుండెను. 1953లో ఎ.కె. రైస్ చిన్న జట్లను సూచింపగా, కార్మికులు ఆ భావనను తమదిగా స్వీకరించి జట్లను తామే కూర్చుకొనిరి. కొంతకాలము ఒడుదుడుకులు కలిగినను తుదకు ఉత్పత్తి పెరిగి, చెడిన గుడ్డ తగ్గినది. కాని ఈ ఫలితము జట్టు నిర్మాణము వలన కలిగినదా, కార్మికుల స్వయంనిర్ణయము వలన కలిగినదా? ఒక్క ప్రయోగము రెంటిని విడదీయజాలదు.

1970లో ఎరిక్ మిల్లర్ ఆ మిల్లునకు మరల వెళ్లి పరిశీలించి, 1975లో ఫలితములను ప్రకటించెను. జట్టు పద్ధతి ఒకచోట చాలవరకు నిలిచియుండగా, మరికొన్ని శాలలలో క్షీణించియుండెను. కారణమును ఆయన శాల లోపలనే వెదకక, దాని పరిసరములలో వచ్చిన మార్పులందును వెదకెను. శాల నాలుగు గోడలనడుమ ముగియు వ్యవస్థ కాదు. 1950లో బెర్టలన్‌ఫీ జీవశాస్త్రమునుండి వివరించిన వివృత వ్యవస్థా భావన టావిస్టాక్ వారికి అంతకుముందే పరిచితము. పదునేడేండ్ల అనుభవము దాని బరువును చూపినది.

గనిలో సాక్ష్యము భావనను కన్నది. డర్హాంలో పోలిక దానిని పరీక్షించినది. అహమ్మదాబాదులో కాలము దాని హద్దులను చూపినది. మిల్లర్ తిరిగి వెళ్లకుండినచో 1953 నాటి విజయమే తుది మాటగా పాఠ్యగ్రంథములలో నిలిచియుండెడిది. కనుక పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంతమును ఏ సాక్ష్యము ఖండింపగలదో ముందుగా వ్రాసికొని క్షేత్రమునకు పోవలెననియు, ఫలితము అనుకూలమైనపుడు సయితము మరియొకసారి పోవలెననియు మా అభిప్రాయము.