పీటుబాడవలును, అనుమతి శాసనమును



చలిదేశములలో పీటు అను నొక వింతనేల కలదు. నిలువనీటిలో నాచు పెరిగి, చచ్చి, గాలి సోకనందున పూర్తిగా కుళ్లక, పొరమీద పొరగా పేరుకొనును. అట్టి నేల అంగుళము మందము పెరుగుటకు ఇంచుమించు పాతికేండ్లు పట్టును. దాని బరువులో పదింట తొమ్మిదివంతులు నీరే. ఐర్లండు పల్లెవాండ్రు తరతరములుగా దానిని పారలతో ఇటుకలవలె కోసి, మనము పిడకల నెండబెట్టునట్లే యెండబెట్టి, పొయ్యిలో కాల్చుకొనుచుండిరి.

చేతిపారతో కోయునంతకాలము బాడవలు కొంతవరకు తాళినవి. యంత్రములు దిగినపిమ్మట తాళలేకపోయినవి. 1985లో ఐరోపా సమాజ మొక శాసనము చేసెను. పెద్దపని దేనికైనను అనుమతి నిచ్చుటకు ముందే, దానివలన నేలకును నీటికిని కలుగు కీడును పరీక్షింపవలెనని దాని సారాంశము. ఐర్లండు ప్రభుత్వము దాని నమలుపరచుచు, 50 హెక్టారులకు, అనగా సుమారు 124 ఎకరములకు, లోబడిన పీటు తవ్వకమునకు పరీక్ష యక్కరలేదని హద్దు పెట్టెను. ఈ హద్దులోని చమత్కారమును గ్రామపెద్దలు ఇట్టే గ్రహింతురు. ప్రక్కప్రక్కనే నలువదేసి హెక్టారుల చొప్పున నలుగురు తవ్వినచో, నూటయరువది హెక్టారుల బాడవ పోవును; శాసనమును మీరినవాడు మాత్ర మొక్కడును ఉండడు! 1999లో ఐరోపా న్యాయస్థాన మీ హద్దును తప్పుపట్టెను.

అయినను అసలు పాఠము డెర్రీబ్రయన్ కొండపై జరిగినది. గాల్వే మండలములోని ఆ కొండ పీటు కప్పిన కొండ. అచట గాలితో విద్యుత్తు తీయుటకు 70 మరలు నిలుపబూనిరి. గాలిమర మంచిదే, కాదనను. కాని, నీరు త్రాగియున్న ఆ నేల త్రవ్వకమునకు నిలుచునా యని సరిగా పరీక్షింపకయే అనుమతు లిచ్చిరి. 2003 అక్టోబరు 16వ తేదీన, పని సాగుచుండగనే, కొండప్రక్క జారెను. సుమారు నాలుగున్నర లక్షల ఘనమీటర్ల పీటు వాగులలోబడి నదిని చేరెను. సుమారు 50,000 చేపలు చచ్చెను.

2008లో అదే న్యాయస్థానము తీర్పు చెప్పుచు మరియొక సంగతిని ఖండించెను. పని ముగిసినపిమ్మట అనుమతి పుచ్చుకొని తప్పును ఒప్పు చేసికొను వాడుక ఆ దేశమున నుండెను. అది పనికిరాదనెను. నా మట్టుకు ఈ తీర్పులో మిక్కిలి విలువగలది ఈ భాగమే. ఏలయన, జారిన తరువాత చేయు పరీక్ష కొండను నిలుపజాలదు గదా!

తీర్పు వచ్చినను పదేండ్లు దాటువరకు సరియైన పరీక్ష జరుగలేదు. 2019లో న్యాయస్థానము ఐర్లండుకు 50 లక్షల యూరోల దండుగయు, అటుపై సరిచేయువరకు దినమునకు 15,000 యూరోల చొప్పునను విధించెను. ఆ సొమ్ము ప్రజల బొక్కసమునుండియే పోయినది. ఆ కొండక్రింది రైతుయు పన్నురూపమున తన వంతు చెల్లించెననుట. 2022లో, పరీక్షానంతరపు అనుమతియు నిరాకరింపబడగా, మరలను తొలగింప నిశ్చయించిరి.